గుర్రం, గ్రేడు రెండు

ముమ్మిడి తాతబ్బాయికి నలభై అయిదేళ్ళు దాటాక సర్కారు ఉద్యోగం వచ్చింది. అంతకుముందు అతను గోగులంక రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. మిల్లులోకి బస్తాలెత్తే యంత్రం దిగిన రోజున యజమాని కామేశ్వర్రావుగారు, "ఇన్నాళ్ళూ మోశావు, ఇక నీ నడుముకి విశ్రాంతిరా తాతబ్బాయ్" అని ఓ పంచె చేతిలో పెట్టి సాగనంపారు. ఆ విశ్రాంతిని ఏం చేసుకోవాలో తెలియక తాతబ్బాయి ఇంటి అరుగుమీద కూర్చుని, దారినపోయే వాళ్ళందర్నీ పలకరిస్తూ పొద్దుపుచ్చేవాడు. భార్య మంగతాయారు ఎండుచేపలు అమ్మి సంసారం లాక్కొచ్చేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజధానిలో ఒక పెద్ద అధికారి విమానమెక్కి ఎక్కడికో వెళుతూ, తోచక, ఎదుటి సీటు సంచిలో ఉన్న పత్రిక తిరగేశారు. పసివయసులో తండ్రి వీపెక్కి గుర్రమాట ఆడుకున్న పిల్లలకి బుద్ధి బాగా వికసిస్తుందని అందులో ఎవరో రాశారు. విమానం నేలమీద దిగేలోపలే ఆయన బుర్రలో పథకం దిగింది. వెంటనే ఊరూరా సర్వే జరిగింది. "మీరు మీ పిల్లలకు గుర్రం అవుతున్నారా?" అన్న ప్రశ్నకి తండ్రులు "తీరికెక్కడిదండీ?" అన్నారు. తల్లులు "ఆయన ఫోన్లో ఉన్నారండి" అన్నారు. తండ్రులకి తీరిక కల్పించడం ఎలాగా అని కమిటీ కూర్చుని ఆలోచించింది. తీరిక కల్పించడం తమ శాఖ పరిధిలోకి రాదనీ, గుర్రాలని కల్పించడం మాత్రం రావచ్చుననీ తేల్చింది.

అలా పుట్టింది 'శిశువికాసార్థ గృహస్థాయి అశ్వక్రీడా సేవల పథకం'. అయిదేళ్ళలోపు పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక మనిషి వెళ్ళి, వంగి, పిల్లల్ని వీపున ఎక్కించుకుని తిప్పాలి. ఆ మనిషి హోదా 'గృహాశ్వక్రీడా సహాయకుడు'. కానీ కంప్యూటర్లో హోదా రాసే గడి చిన్నది. అంత పొడుగు మాట అందులో పట్టలేదు. ఆపరేటరు కాసేపు బుర్ర గోక్కుని 'గుర్రం' అని కొట్టాడు. సంతకాలు చెయ్యవలసినవాళ్ళందరూ చేసేశారు.

గోగులంకలో ఈ పథకానికి అధికారి ఉద్దండం జోగారావుగారు. ఆయన లంచం ముట్టరు. ఆలస్యంగా రారు. ఎవరిమీదా విసుక్కోరు. ఉత్తర్వులో ఉన్నది ఉన్నట్టు జరిపించడమొక్కటే ఆయనకి తెలుసు. అందుకే ఊళ్ళో అందరికీ ఆయనంటే హడలు.

"పూర్వానుభవం కలదా?" అని అడిగారాయన ఇంటర్వ్యూలో.

"ఉందండి. మా అమ్మాయిని ఊహ తెలిసేదాకా ఈ వీపుమీదే తిప్పానండి. ఇప్పుడు అత్తారింట్లో ఉందండి."

"అది స్వగృహ అనుభవం. పరిగణనలోకి రాదు. బయట భారం మోసినట్టు ఏదైనా?"

"మిల్లులో బస్తాలు మోసానండి."

"బస్తా శిశువు కాదు కదా."

"కాదండి. బస్తా కుదురుగా ఉంటాదండి."

జోగారావుగారు నవ్వలేదు. ఆ జవాబుని కూడా రాసుకున్నారు. తరువాత ప్రాక్టికల్ పరీక్ష. యోగ్యతాపత్రం లేని గుర్రంమీద పిల్లల్ని ఎక్కించరాదని నిబంధన ఉంది కాబట్టి, పిల్లలకి బదులుగా ఆఫీసు హెడ్‌గుమాస్తా భాస్కరంగారిని ఎక్కించారు. భాస్కరంగారు భారీ మనిషి. తాతబ్బాయి పళ్ళు బిగించి ఆయన్ని మోసుకుంటూ బల్లల మధ్యనుంచి, బీరువాల పక్కనుంచి, మంచినీళ్ళ కుండ దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. "దిగండి సార్" అంటే భాస్కరంగారు, "ఇంకొక్క చుట్టు వెయ్యవయ్యా, చిన్నప్పుడు మా నాన్న ఎన్నడూ ఎక్కించుకోలేదు" అన్నారు. ఆ చుట్టు కూడా అయ్యాక తాతబ్బాయికి నియామకపత్రం ఇచ్చారు. అందులో 'హోదా: గుర్రం (గ్రేడు రెండు)' అని ఉంది. గ్రేడు ఒకటి వాళ్ళు దౌడు తీయవచ్చు. గ్రేడు రెండు వాళ్ళు నడక మాత్రమే.

మంగతాయారు ఆ కాగితాన్ని పసుపు రాసి దేవుడి పటం పక్కన పెట్టింది. "ఏ పేరైతేనేంలే, సర్కారు ముద్ర ఉంది" అంది.

జిల్లాకేంద్రంలో శిక్షణ ఇచ్చారు. ఎక్కడినుంచో వచ్చిన నిపుణుడు తెరమీద బొమ్మలు వేసి గుర్రం ఎలా నడుస్తుందో, ఏ కాలు ముందు పడుతుందో చూపించాడు. ఒక పూటంతా సకిలింపు నేర్పారు. సంతోషపు సకిలింపు, హెచ్చరిక సకిలింపు, వీడ్కోలు సకిలింపు అని మూడు రకాలు. విధినిర్వహణలో గుర్రం మాట్లాడరాదనీ, మాట్లాడితే శిశువుకి జంతువులపై అవగాహన దెబ్బతింటుందనీ మరీమరీ చెప్పారు. తాతబ్బాయికి అన్నిటికన్నా అదే కష్టమనిపించింది. అరుగుమీద కూర్చుని ఊరందరితో మాట్లాడే మనిషి ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళి నోరు మూసుకోవాలి.

అతనికి చేపలరేవు వీధి అప్పగించారు. పిల్లలు మొదట భయపడ్డారు, తరువాత మరిగారు, ఆ తరువాత వదల్లేదు. ఒక్క జున్ను మాత్రం వేరు.

జున్నుకి మూడేళ్ళు. దాని తండ్రి వీరన్న ఆటో నడుపుతాడు. తల్లి సత్యవేణి కువైట్లో ఒక ఇంట్లో పనిచేస్తూ, ఫోన్లో కనబడి పిల్లకి ముద్దులు పెడుతుంది. వీరన్న పొద్దున్నే జున్నుని ఆటోలో పక్కన కూచోబెట్టుకుని తిప్పుతాడు, ఎండెక్కాక ఇంటికి తెచ్చి అన్నం పెడతాడు. అదే వేళకి తాతబ్బాయి వాళ్ళింటికి వెళ్ళాలి. వెళ్ళి వంగితే జున్ను నడుంమీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగి పరిశీలించింది.

"నువ్వు గుర్రం కాదు. నాన్న గుర్రం. నువ్వు ఆటో" అంది.

తాతబ్బాయికి మాట్లాడే అధికారం లేదు. కాసేపు సకిలించాడు. జున్ను వినలేదు. చివరికి "డుర్ర్ర్" అంటూ ముందుకు కదిలాడు. జున్ను అతని రెండు చెవులూ పట్టుకుని మలుపులు తిప్పింది. వీరన్న గుమ్మంలో నిలబడి పడీపడీ నవ్వాడు. ఆ తరువాత పిల్ల అతని మీదనుంచి దిగి తండ్రి మీదికి గెంతింది. వీరన్న తువ్వాలు భుజాన వేసుకుని, ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని, మూడు కాళ్ళమీద వంటింట్లోకి దౌడు తీశాడు.

'ఈయన గ్రేడు ఒకటి' అనుకున్నాడు తాతబ్బాయి.

నెల తిరిగేసరికి జీతం రాలేదు. దాని బదులు తాతబ్బాయి ఇంటిముందు ఒక బండి ఆగింది. అందులోంచి ఒక బస్తా ఉలవలూ, రెండు మోపుల గడ్డీ దించి, వేలిముద్ర వేయించుకుని వెళ్ళిపోయారు.

మంగతాయారు ఆ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని తిన్నగా జోగారావుగారి ఆఫీసుకి వెళ్ళింది. తాతబ్బాయి వెనకాలే పరిగెత్తాడు.

"ఏంటండీ ఇది?" అంది మోపుని ఆయన బల్లమీద దభీమని పడేసి.

జోగారావుగారు ఓపిగ్గా కళ్ళజోడు సర్దుకున్నారు. "అమ్మా, ఖజానావారు అభ్యంతరం తెలిపియున్నారు. గుర్రములకు వేతనం చెల్లించు పద్దు లేదు. దాణా పద్దు కలదు. తదనుగుణంగా విడుదల చేయడమైనది."

"ఆయన మనిషండీ!"

"నేను కాదనడం లేదు. నేనూ చూస్తూనే ఉన్నాను. అయితే నియామకపత్రంలో మనిషి అని ఎక్కడా లేదు."

"మరైతే నేనెవర్నండీ? గుర్రం పెళ్ళాన్నా?"

జోగారావుగారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. "కుటుంబసభ్యుల హోదాపై ఇంతవరకు ఉత్తర్వులు అందలేదు. అందిన వెంటనే తెలియపరుస్తాం" అన్నారు.

మంగతాయారు ఇంకేదో అనబోయింది గానీ ఆయన ముఖంలో వెక్కిరింత మచ్చుకైనా కనబడలేదు. అది చూశాకే ఆమెకి భయం వేసింది. మోపు ఎత్తుకుని ఇంటికొచ్చింది. గడ్డి పక్కింటి గేదెకి వేసి పాలు పుచ్చుకుంది. ఉలవలు ఉడకేసి చారు కాచి, బస్టాండు హోటలుకి పోసింది. చారు బాగుండడంతో ఇల్లు ఎలాగో నడిచింది.

దాణా ఇచ్చాక ఆరోగ్యపరీక్ష తప్పదన్నారు. పశువైద్యుడు హేమసుందరం కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. తాతబ్బాయిని చూసి, జోగారావుగారిని చూసి, మళ్ళీ తాతబ్బాయిని చూశాడు.

"సార్, నేను పశువుల డాక్టర్ని."

"ఉత్తర్వు చూడండి."

కుర్రాడు ఉత్తర్వు చూశాడు. కొత్త ఉద్యోగం. పెళ్ళిసంబంధాలు వస్తున్నాయి. నిట్టూర్చి కలం తీశాడు. తాతబ్బాయి చేత నోరు తెరిపించి, పళ్ళనిబట్టి వయసు లెక్కగట్టి 'వృద్ధాశ్వం' అని రాశాడు. గిట్టలు అన్న చోట 'హవాయి చెప్పులు' అని రాశాడు.

"తోక లేదు. కారణం రాయాలి" అన్నాడు తలెత్తకుండా.

"పుట్టినప్పట్నించీ లేదండి" అన్నాడు తాతబ్బాయి.

'జన్మతః' అని రాశాడు డాక్టరు. ఆఖర్న పశువులకి తగిలించే పసుపుపచ్చ బిళ్ళ చెవికి గుచ్చబోతే తాతబ్బాయి చేతులు జోడించి బతిమాలాడు. డాక్టరుకి కూడా కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. బిళ్ళని చొక్కా గుండీకి తగిలించి, "ఎవరికీ చెప్పకండి బాబాయ్" అని గొంతు తగ్గించి అన్నాడు.

ఇంతవరకూ పోయింది తాతబ్బాయి పరువు ఒక్కటే. అసలు ముప్పు తరువాత వచ్చింది.

పథకం ఎలా ఉందో కొలవడానికి రాజధానినుంచి మదింపు బృందం వచ్చింది. వాళ్ళకొక చిక్కు ఎదురైంది. కొన్ని ఇళ్ళలో సర్కారు గుర్రం వెళ్ళిపోయాక తండ్రులు కూడా వంగుతున్నారు. సర్కారు గుర్రాన్ని చూసి ఉత్సాహం పుట్టినవాళ్ళు కొందరు, వీరన్నలా మొదటినుంచీ వంగుతున్నవాళ్ళు కొందరు. దానివల్ల పిల్లకి ఎవరి వీపు మూలంగా ఎంత తెలివి వచ్చిందో తేలడం లేదు. బృందం అలా రాసిచ్చి వెళ్ళిపోయింది. వెనకాలే ఉత్తర్వు వచ్చింది.

జోగారావుగారు గుర్రాలన్నిటినీ సమావేశపరిచి చదివి వినిపించారు. "శిక్షణగానీ, ధ్రువపత్రముగానీ లేని తండ్రులు, తాతలు, మేనమామలు మొదలగువారు తమ ఇష్టానుసారం వంగుటవలన పథక ఫలితములు కలుషితమగుచున్నవి. ఇటువంటివారిని అనధికార అశ్వములుగా పరిగణించవలెను. పట్టుబడిన అనధికార అశ్వములను సమీప బందెలదొడ్డికి తరలించవలెను."

బందెలదొడ్డి అంటే ఊరిమీద పడి పంటలు మేసే పశువుల్ని తోలి పెట్టే చోటు. గోగులంక చివర కాలవగట్టున ఇనప కడ్డీల గేటుతో ఉంది. చాలాకాలంగా ఖాళీగా పడి ఉంది.

మర్నాడు తనిఖీకి జోగారావుగారు స్వయంగా తాతబ్బాయి వెంట చేపలరేవు వీధికి బయల్దేరారు. వీరన్న ఇల్లు దగ్గరపడుతుంటేనే లోపలనుంచి జున్ను కేరింతలు వినబడ్డాయి. తాతబ్బాయి హెచ్చరిక సకిలింపు సకిలించాడు. లోపల జున్ను దానికి బదులు సకిలించింది. వీరన్న కూడా సకిలించాడు. ఆ సకిలింపుల మధ్యే జోగారావుగారు గుమ్మంలో అడుగుపెట్టారు.

వీరన్న నట్టింట్లో నాలుగు కాళ్ళమీద ఉన్నాడు. వీపుమీద జున్ను.

"ఏమిటి చేస్తున్నారు?" అన్నారు జోగారావుగారు.

తాతబ్బాయి ఉండబట్టలేకపోయాడు. "మంచం కిందకి చెప్పు పోయిందండి. ఎతుకుతున్నాడండి. పిల్ల దానంతటదే ఎక్కేసిందండి."

జోగారావుగారు విచారంగా అతనికేసి చూశారు. "తాతబ్బాయ్, రెండు విషయాలు. ఒకటి, గుర్రం సాక్ష్యం చెల్లదు. రెండు, నువ్వు విధినిర్వహణలో మాట్లాడావు. మెమో ఇస్తాను."

"నా కూతుర్ని నేనెక్కించుకోకూడదాండీ?" అన్నాడు వీరన్న లేచి నిలబడి.

"ఎక్కించుకోవచ్చు. అర్హత సంపాదించుకున్నాక. శిక్షణ తరగతులు వచ్చే ఏడాది ఉంటాయి."

"అప్పటికి ఇది బడికెళ్ళిపోద్దండీ!"

"అది విద్యాశాఖ."

వీరన్నని బందెలదొడ్డికి తీసుకుపోయారు. పోతూపోతూ అతను జున్నుని తాతబ్బాయి చేతుల్లో పెట్టి, "బాబాయ్, దీనికి పెరుగన్నంలో ఉప్పు ఎక్కువుండాలి" అన్నాడు. జున్ను ఏడవలేదు. తండ్రి కొత్త ఆట ఏదో మొదలుపెట్టాడనుకుంది. ఆ సాయంత్రానికిగాని దానికి అర్థం కాలేదు. అర్థమయ్యాక మంగతాయారు ఒళ్ళో వెక్కి వెక్కి ఏడ్చింది. తాతబ్బాయి అరుగుమీద తలకాయ పట్టుకుని కూర్చున్నాడు.

పొద్దున్నే వెళ్ళి జోగారావుగారి ముందు నిలబడ్డాడు. "ఈ ఉద్యోగం నాకొద్దండి. రాజీనామా చేసేత్తానండి."

ఆయన నిబంధనల పుస్తకం ఆ చివరనుంచి ఈ చివర దాకా తిరగేశారు. "గుర్రం తప్పిపోవచ్చు. చనిపోవచ్చు. నిరుపయోగమని కొట్టివేయవచ్చు. రాజీనామా మాత్రం లేదయ్యా" అన్నారు, నిజంగానే బాధపడుతూ.

ఆ వారం సత్యవేణి కువైట్‌నుంచి మంగతాయారు ఫోన్లో కనబడింది.

"నాన్నేడమ్మా?"

"దొడ్లో ఉన్నాడు" అంది జున్ను.

సత్యవేణి నవ్వి పెట్టేసింది. తరువాతిసారి అడిగితే కూడా జున్ను అదే చెప్పింది. ఆ తరువాతా అదే. "అత్తా, ఆయనకి కడుపేమన్నా పాడైందా? ఎప్పుడు ఫోన్ చేసినా దొడ్లోనే ఉంటున్నాడు" అని సత్యవేణి మంగతాయారుని కంగారుగా అడిగింది. మంగతాయారు, "మజ్జిగ తాగమన్నానులే" అంది.

జున్నుని రోజూ సాయంత్రం బందెలదొడ్డికి తీసుకెళ్ళడం తాతబ్బాయి పనిగా పెట్టుకున్నాడు. వీపుమీద ఎక్కించుకుని వీధుల వెంట మోసుకుపోతుంటే ఎవరూ ఆపలేకపోయారు. గుండీకి బిళ్ళ ఉంది కదా.

దొడ్లో వీరన్న ఒంటరిగా ఎన్నో రోజులు లేడు. ఊళ్ళోని తండ్రులు ఒకరి తరువాత ఒకరు వచ్చి చేరారు. పోస్టుమాస్టరు దొరికిపోయాడు. కిరాణాకొట్టు సుబ్బయ్య మనవణ్ణి భుజానికెత్తుకుంటే, భుజం వీపులో భాగమేనని పట్టుకొచ్చారు. పశువుల వద్ద ఫోన్లుండరాదని పాత నిబంధన ఒకటి ఉండడంతో అందరి ఫోన్లూ ఒక గంపలో వేసి తాళం పెట్టారు.

ఇక వాళ్ళకి పనేముంది? తిండి ఇంటినుంచి కారియర్లో వస్తోంది. చేతిలో ఫోను లేదు. పోవడానికి చోటు లేదు. సాయంత్రమయ్యేసరికి పిల్లలు గేటు కడ్డీల సందుల్లోంచి దూరి లోపలికొచ్చేవాళ్ళు. పెద్దవాళ్ళు ఆ సందుల్లో పట్టరుగానీ పిల్లలు హాయిగా పట్టేవారు. తండ్రులు వంగేవాళ్ళు. వంగి వంగి అలిసిపోతే కూర్చుని కాలవలో పోయే పడవల్ని చూపించేవాళ్ళు, గూళ్ళకి పోయే కొంగల్ని లెక్కపెట్టించేవాళ్ళు. పోస్టుమాస్టరు ఎక్కడెక్కడివో ఊళ్ళపేర్లన్నీ పాటలా చెప్పేవాడు. సుబ్బయ్య, పెసలూ కందులూ కలిపిన గుప్పెడు చేతిలో పోసి ఏరమనేవాడు. కొట్టు నడిపినన్నాళ్ళూ మనవడికి ఎడమచేతివాటమని ఆయనకి తెలియనే లేదు. దొడ్లో తెలిసింది.

తాతబ్బాయి గేటు బయట కూర్చుని చూసేవాడు. వీరన్న వీపుమీదున్న జున్ను అతనికి చెయ్యి ఊపేది. అన్యాయం అన్యాయమేనని తెలిసినా, ఆ దృశ్యం చూస్తే అతనికి కడుపు నిండినట్టుండేది. మళ్ళీ పిల్ల ఇంటికి బయల్దేరే వేళకి గేటుకి ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి విడిపడుతుంటే ఆ నిండిందంతా చేదెక్కేది.

జోగారావుగారు పిల్లల తెలివిని కొలిచి పంపవలసిన సమయం వచ్చింది. కొలిచారు. దొడ్డికి పోయే పిల్లలు మాటల్లో, లెక్కల్లో, ఆటల్లో అందరికన్నా ఎంతో ముందున్నారు. ఆయన ఉన్నది ఉన్నట్టు రాసి పంపారు. అది చదివి రాజధానినుంచి పెద్ద అధికారి, ఆ విమానంలో పత్రిక చదివినాయనే, కార్ల వరసతో స్వయంగా గోగులంక వచ్చారు.

దొడ్డి చుట్టూ ఒకసారి తిరిగారు. తండ్రులని చూశారు. తండ్రుల మీద పిల్లల్ని చూశారు. తల పంకించారు. ఆయనకి విషయం అర్థమైపోయిందని తాతబ్బాయి సంబరపడ్డాడు.

"జోగారావ్, ఇతర ప్రాంతాల్లో లేనిది, ఇక్కడ మాత్రమే ఉన్నది ఏమిటి?" అని అడిగారు పెద్ద అధికారి.

"తమరే సెలవివ్వాలి."

ఆయన వంగి నేలమీదనుంచి గుప్పెడు మట్టి తీశారు. వాసన చూశారు. "ఈ మట్టి" అన్నారు. "తరతరాలుగా పశువుల పేడా, మూత్రమూ కలిసి పరిపక్వమైన మట్టి. శిశుమేధస్సుపై దీని ప్రభావం అపారం. నమూనాలు ప్రయోగశాలకు పంపండి."

"మరి వీళ్ళు?" అన్నారు జోగారావుగారు తండ్రులకేసి చూపిస్తూ.

"వీళ్ళెవరు? మట్టిని తొక్కి పాడుచేస్తున్నారు. వెంటనే ఖాళీ చేయించండి."

అలా తండ్రులు విడుదలయ్యారు. గేటు దగ్గర గంప తెరిచి ఎవరి ఫోను వాళ్ళకిచ్చారు. కొందరు దాన్ని జేబులో పడేసి పిల్లని చంకనేసుకుని ఇంటిదారి పట్టారు. కొందరు అక్కడే నిలబడిపోయి, ఇన్నాళ్ళుగా పేరుకున్న సందేశాలన్నీ మొదటినుంచీ చదువుకోవడం మొదలుపెట్టారు. వాళ్ళ పిల్లలు చొక్కాలు లాగి లాగి విసిగి, కాలవగట్టుమీద కూర్చుని కొంగల్ని తామే లెక్కపెట్టుకున్నారు.

పనంతా మట్టే చేస్తోందని తేలాక గుర్రాలతో అవసరం తీరిపోయింది. అశ్వక్రీడా పథకం విజయవంతమైనందున రద్దు చేయడమైనదని ఉత్తర్వు వచ్చింది. మిగిలిపోయిన ఆస్తులు, అనగా బల్లలు, బొమ్మల తెర, గుర్రాలు, బహిరంగంగా వేలం వేయాలి.

వేలం వార్త విని మిల్లు కామేశ్వర్రావుగారు అందరికన్నా ముందొచ్చి కూర్చున్నారు. యంత్రం తరుచు మొరాయిస్తోంది. మనిషిని పెట్టుకుంటే కూలి ఇవ్వాలి. గుర్రాన్ని కొనుక్కుంటే ఆ బెడద లేదు. "ఏరా తాతబ్బాయ్, మళ్ళీ మన గూటికే వత్తన్నావ్" అన్నారు ఆప్యాయంగా. తాతబ్బాయిని బల్లకీ, తెరకీ మధ్య నిలబెట్టారు. మంగతాయారు చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. ఉద్యోగుల బంధువులు వేలంలో పాల్గొనరాదని ఆమెని తాడుకి అవతలే ఉంచారు.

జోగారావుగారు షరతులు చదివారు. "మిగులు అశ్వములను పథక లబ్ధిదారులకు మాత్రమే విక్రయించవలెను."

"అంటే?" అన్నారు కామేశ్వర్రావుగారు.

"అయిదేళ్ళలోపువారికి."

"నా వయసెంతో తెలుసునా జోగారావుగారూ?"

"తెలుసునండి. అందుకే కుదరదంటున్నాను."

మిల్లుగారు ఊరుకునే రకం కాదు. కారు పంపించి నాలుగేళ్ళ మనవణ్ణి రప్పించారు. పిల్లవాడు రెండు చేతులతో ఫోను పట్టుకుని, తలెత్తకుండా కారు దిగి, తలెత్తకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"పాట మొదలు. కావలసిన లబ్ధిదారు చెయ్యెత్తవలెను" అన్నారు జోగారావుగారు.

"నాన్నా, చెయ్యెత్తరా" అన్నారు కామేశ్వర్రావుగారు. మనవడికి వినబడలేదు. "బాబూ, ఒక్కసారెత్తమ్మా, చాక్లెట్టు కొంటా." వాడు తెరమీద ఎవర్నో కాలుస్తున్నాడు. ఆయన వాడి చెయ్యి పట్టుకుని పైకి లాగబోతే వాడు కెవ్వుమన్నాడు.

"లబ్ధిదారు స్వచ్ఛందంగా ఎత్తవలెను" అన్నారు జోగారావుగారు.

అప్పుడు తాడు అవతలనుంచి, వీరన్న చంకలోంచి, జున్ను జారి కిందికి దిగింది. జనం కాళ్ళ మధ్యనుంచి వచ్చి తాతబ్బాయి ముందు నిలబడి, ఎత్తుకోమని రెండు చేతులూ పైకెత్తింది. ఒక చేతిలో సగం కొరికిన జంతిక ఉంది.

"పాట ఎంత?" అన్నారు జోగారావుగారు.

జున్ను ఆయన్ని అనుమానంగా చూసి, కాసేపు ఆలోచించి, జంతికని ఆయనకిచ్చింది.

జోగారావుగారు షరతులు మళ్ళీ చదువుకున్నారు. చెల్లింపు ఏ రూపంలో ఉండాలో ఎక్కడా రాసి లేదు. "సగం జంతిక ఒకటోసారి. సగం జంతిక రెండోసారి." కామేశ్వర్రావుగారు మనవడి ఫోను లాక్కోవడానికి పెనుగులాడుతున్నారు. "సగం జంతిక మూడోసారి."

రసీదు జున్ను పేర రాశారు. మంగతాయారు తాడు దాటి వచ్చి మొగుడి గుండీకున్న పసుపుపచ్చ బిళ్ళని పుటుక్కున తెంపి కాలవలోకి విసిరేసింది.

కొన్నాళ్ళకి 'గృహస్థాయి మేధామృత్తికా పంపిణీ పథకం' వచ్చింది. దొడ్డి మట్టిని బస్తాలకెత్తి పిల్లలున్న ఇంటింటికీ చేరవెయ్యాలి. బస్తాలు మోసేవాళ్ళు కావాలి. జోగారావుగారికి తాతబ్బాయి నడుం జ్ఞాపకమొచ్చింది. కాగితాలు పట్టుకుని చేపలరేవు వీధికి వచ్చారు. వీరన్న ఆటో తుడుచుకుంటున్నాడు. గడపలో జున్ను ఇసుకతో ఏదో వండుతోంది. తాతబ్బాయి పక్కనే కూర్చుని, దారినపోయే వాళ్ళందర్నీ పలకరిస్తూ, ఆ వంట తింటున్నట్టు నటిస్తున్నాడు.

"తాతబ్బాయ్, ఉద్యోగం ఉంది. అయితే నువ్వు ప్రస్తుతం ఈ అమ్మాయి ఆస్తివి. యజమాని సమ్మతి కావాలి" అన్నారు జోగారావుగారు.

"అడగండి మరి" అన్నాడు తాతబ్బాయి.

జోగారావుగారు జున్ను ముందు నిలబడి సమ్మతిపత్రం చదవడం మొదలుపెట్టారు. జున్ను తలెత్తలేదు. ఆయన కొంచెం వంగారు. అప్పటికీ అందలేదు. మోకాళ్ళమీద కూర్చున్నారు. వేలిముద్రకి కాగితం నేలమీద పరిచి, గాలికి ఎగరకుండా రెండు చేతులతోనూ నొక్కిపట్టారు.

జున్ను ఆయన వెనక్కి నడిచి, చొక్కా పట్టుకుని, వీపెక్కి కూర్చుంది.

జోగారావుగారు కొయ్యబారిపోయారు. పథకం రద్దయింది. వంగకూడదన్న ఉత్తర్వూ పోయింది, వంగమన్న ఉత్తర్వూ లేదు. దింపాలో కదలాలో చెప్పే కాగితం ప్రపంచంలో ఎక్కడా లేదు. జున్ను మడమలతో ఆయన పక్కటెముకల మీద తన్నింది. ఆయన ఒక చెయ్యి ముందుకి వేశారు. తరువాత ఒక మోకాలు. కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. జీవితంలో మొట్టమొదటిసారి ఆయన ముఖం ఎలా పెట్టుకోవాలో తెలియనట్టు అయిపోయింది.

"తాతబ్బాయ్" అన్నారు రొప్పుతూ, "దీన్ని ఏ పద్దు కింద రాయాలంటావ్?"

"ముందు ఆ ఆటో దాకా వెళ్ళి రండి సార్" అన్నాడు తాతబ్బాయి. "తర్వాత చూద్దాం."